డాట్ కామ్‌కి ముందు

జూన్ 8, ఆదివారం

పొద్దున్నుంచి ఇదే పని. వెబ్‌సైట్‌కి పేరు కొట్టడం, 'ఈ పేరు ఇప్పటికే వేరొకరు తీసుకున్నారు' అని చదువుకోవడం. సున్నం డాట్ కామ్ — పోయింది. తెల్లగోడ — పోయింది. గచ్చు — అదీ పోయింది. గచ్చు పేరు పెట్టుకుని ఎవరు ఏం అమ్ముతున్నారో చూద్దామని తెరిస్తే ఖాళీ పేజీ. పేరు అమ్మకానికి ఉందట. వాడు చెప్పిన ధరకి నేను ఒక సున్నపు బట్టీయే పెట్టుకోవచ్చు.

తను వాడడు, ఇంకొకళ్ళని వాడనివ్వడు. బస్సు కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వేసి, టీ తాగడానికి పోయినవాడి బాపతు. ఒళ్ళు మండిపోతోంది.

పిడుగురాళ్లలో పుట్టి, పిడుగురాళ్లలో పెళ్ళి చేసుకుని, ఊపిరితో పాటు సున్నం పీల్చి పెరిగినదాన్ని. సున్నానికి ఒక పేరు దొరకడం లేదు నాకు.

జూన్ 9, సోమవారం

మా ఆయన సలహా — "పేరు పొట్టిగా ఉండాలి. ఫోన్లో చెప్తే ఒక్కసారికే అర్థం కావాలి." తొమ్మిదో తరగతికి పాఠం చెప్పినట్టు చెప్పి బండి తీసుకుని స్కూలుకి వెళ్ళిపోయారు. ఆ ముక్క నాకు తెలియకనా? పొట్టివన్నీ జనం ఎప్పుడో పట్టుకుపోయారు మాస్టారూ.

జూన్ 11, బుధవారం

పల్నాడు సున్నం — ఖాళీగా ఉంది! అరగంట సంతోషం.

తర్వాత దాన్ని ఇంగ్లీషులో రాయమని ఇంట్లో ఇద్దరికీ చెప్పాను. ఆయన ఒకలా రాశారు, మా అమ్మాయి చిన్ని ఒకలా రాసింది, నేను రాసుకున్నది ఇంకోలా ఉంది. ఒకే ఇంట్లో మూడు రకాలు. ఇక బెంగళూరు వాళ్ళేం రాస్తారు? వదిలేశా.

జూన్ 12, గురువారం

గోతుల దగ్గర పని. పెరట్లో నాలుగో గోతిలో రాతి సున్నం వేసి నీళ్ళు పోశాం. ఆ ఉడుకు, ఆ బుస... ఇన్నేళ్ళొచ్చినా చూస్తూ నిలబడిపోతాను. మొదటి గోతిలోది బాగా మాగింది. వేళ్ళ మధ్య రుద్దితే వెన్న.

నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. "కాల్చిన సున్నం కాల్చినట్టు లారీకెక్కించక, గోతుల్లో నానబెట్టి బకెట్లకెత్తేదేందే? ఊరగాయా?" ఆ ఊరగాయ కోసమే బెంగళూరు నుంచీ మైసూరు నుంచీ ఫోన్లు వస్తున్నాయి. పాత ఇళ్ళు బాగుచేసేవాళ్ళకి సిమెంటు పనికిరాదు, మాగిన సున్నమే కావాలి. రాయి నాన్న బట్టీది. గోతులు నావి, బకెట్లు నావి, ఫోనెత్తేదీ నేనే.

కానీ ప్రతివాళ్ళూ చివర్లో అడిగేది ఒకటే — "మీ వెబ్‌సైట్ పేరేంటండీ?" చేస్తున్నామండీ, చేస్తున్నాం. ఉగాది నుంచీ ఇదే జవాబు. సిగ్గేస్తోంది.

జూన్ 15, ఆదివారం

బట్టీకి వెళ్ళాను. నాన్న కుర్చీలో, కాళ్ళు బల్ల మీద. పేరు సంగతి ఎత్తగానే —

"వంశీ లైమ్స్ ఉంది గదా. దాని ఎనక డాట్ కామ్ తగిలియ్. అయిపాయె."

వంశీ నా తమ్ముడు. హైదరాబాదులో ఉద్యోగం. బట్టీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో వాడికే తెలియదు. అయినా బట్టీ వాడి పేరు మీదే. బస్తాల మీద వాడి పేరు. లారీ నుదుటి మీద, దండ వేసే చోట, వాడి పేరు. మా ఊళ్ళో అందరూ అంతే, బట్టీకైనా లారీకైనా పిల్లవాడి పేరు పెడతారు. హైవే మీద అరగంట నిలబడితే ఊళ్ళో మగపిల్లలందరి హాజరు పడుతుంది.

రెండో లారీ కొన్నప్పుడు నీ పేరు రాయిస్తానన్నాడు నాన్న. అప్పుడు నేను ఏడో తరగతి. స్కూలంతా చెప్పుకున్నాను. ఆ లారీ రంగు వెయ్యకముందే అమ్మేశారు, సున్నం రేటు పడిపోయిందని. ఆయన తప్పేం లేదు. అయినా గుర్తుంది.

"అది బట్టీ పేరు నాన్నా. ఇది వేరే యాపారం," అన్నాను.

"ఏరేది ఏంది, సున్నమే గదా."

లేచి వచ్చేశా.

జూన్ 18, బుధవారం

ఇవాళ బెంగళూరు మేడమ్ ఫోన్. పాత ఇళ్ళు బాగుచేయించే ఆవిడ, నా దగ్గర మొట్టమొదట బకెట్లు కొన్నది ఆవిడే. పేరు దొరకడం లేదని నా గోడు చెప్పుకున్నా. ఆవిడ నవ్వేసింది. "ఇంకా వెతకడం ఏంటండీ? నా ఫోన్లో మీ నంబరు 'విమల సున్నం' అనే ఉంది. మా మేస్త్రీలందరి ఫోన్లలోనూ అంతే. వాళ్ళు విమల సున్నం తెప్పించండి అనే అడుగుతారు."

ఫోన్ పెట్టేసి కొట్టి చూశా. విమలసున్నం డాట్ కామ్.

ఉంది. ఎవరూ తీసుకోలేదు.

అన్ని పేర్లు వెతికాను, ఇదొక్కటీ తోచలేదు. తోచకపోవడమేంటి, నా పేరు నేనెలా పెట్టుకుంటానని పక్కకి తోసేసి ఉంటాను.

జూన్ 20, శుక్రవారం

బుద్ధి తక్కువై మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను — విమల సున్నం, ఈ పేరు ఎలా ఉంది? అని. ఇరవై దండాలు, పది పూలగుత్తులు, పిన్ని పంపిన సూర్యోదయం బొమ్మ. పేరు గురించి ఒక్క ముక్క రాసినవాళ్ళు లేరు. పక్క బట్టీ సాంబయ్య బాబాయ్ మాత్రం బొటనవేలు చూపించాడు.

నాన్న చూశాడు. రెండు నీలం గీతలు. అంతే.

జూన్ 22, ఆదివారం

నాన్నని ముఖాముఖి అడిగాను. బట్టీ వైపు చూశాడు, పొగ వైపు చూశాడు. తర్వాత —

"బుధవారం అమాస. ఆపైన ఆషాఢం. ఇప్పుడు కొత్తది మొదలుపెట్టేదేంది? శ్రావణ శుక్రవారం నాడు చూద్దాంలే."

"నాన్నా, అది ఫోన్లో కొనేది. ముహూర్తం దాకా ఆగదు."

"ఆషాఢం పోనీమ్మా."

అది వద్దని చెప్పడమో, సరేనని చెప్పడమో తెలిసి చావదు ఈ మనిషితో. ఇంటికొచ్చి పేరు బుట్టలో వేసి డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళాను. వేలు ఆగిపోయింది. నాన్న కోసమే ఆగానని రాసుకుంటే అబద్ధం. మొదటి గోయి తవ్వినప్పుడు వర్జ్యం చూసుకున్నదాన్ని నేనే. నాకూ లోపల పీకుతోంది.

ఆగాను.

జూన్ 26, గురువారం

ఆషాఢం మొదలు. పేరు అక్కడే ఉంది. పొద్దున చూశా, సాయంత్రం చూశా.

జులై 3, గురువారం

ఆయన కేకలేశారు. "అలా గంటకోసారి వెతక్కు. ఆ కంపెనీల వాళ్ళు కనిపెట్టి వాళ్ళే పట్టేసి ధర పెంచుతారట." నిజమో కాదో... చూడటం మానేశా. శ్రావణం దాకా ఆ వైపు వెళ్ళను.

జులై 8, మంగళవారం

పోయింది.

ఉండబట్టలేక చూశా. వేరొకరు తీసుకున్నారు. ఎవరు? వివరాలు దాచిపెట్టబడినవి. పేజీ తెరిస్తే ఖాళీ.

సీటు నాది, కర్చీఫ్ ఎవడిదో. అన్నం సయించలేదు. ఆషాఢమట, ముహూర్తమట. ఏ శాస్త్రంలో ఉంది డాట్ కామ్‌కి ఆషాఢం? చెప్పినవాళ్ళని కాదు, విన్న నన్ను అనాలి.

జులై 9, బుధవారం

విమల అనే పేరూ, సున్నం అనే మాటా కలిపి కొనేవాడు ఈ లోకంలో ఎవడుంటాడు? మా గ్రూపులో చూసినవాడే అయ్యుండాలి. సాంబయ్య బాబాయ్. బొటనవేలు చూపించింది అందుకేనా? ఆయన కొడుకు కంప్యూటర్ చదువే. పోయిన నెల మా పెరట్లో గోతులు చూసి "బాగుందే అమ్మాయ్, ఎన్నాళ్ళు నానబెడతారు?" అని అడిగాడు కూడా.

జులై 10, గురువారం

కాటా దగ్గర కనబడ్డాడు బాబాయ్, లారీ తూకం వేయించుకుంటూ. ఆగలేకపోయాను.

"అడిగితే నేనే ఇచ్చేదాన్ని గదా బాబాయ్. దొంగతనంగా కొనేదెందుకు?"

"ఏంది అమ్మాయ్ నువ్వనేది?"

"నా పేరు. డాట్ కామ్."

"డాట్ కామ్ ఏంది, నేను కొనేదేంది? ఫోన్లో కరెంటు బిల్లు కట్టేదానికే మావోణ్ణి బతిమాలుకుంటన్నా. ఆడపిల్లవని ఊరుకుంటన్నా ఇమలా, ఇంకోడు అనుంటే..."

కాటా మీద జనం చూస్తున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. చీటీ తీసుకోకుండానే లారీ ఎక్కేశాడు. నటిస్తున్నాడనే అనుకున్నా. రాత్రికి అంత గట్టిగా అనిపించడం లేదు.

జులై 11, శుక్రవారం

నాన్నకి చెప్పాను, పేరు పోయిందని. ఉలిక్కిపడతాడనుకున్నా. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పోతే పోయింది. దొరుకుద్దిలే."

"ఎక్కడ దొరుకుద్ది నాన్నా! కొనేసుకున్నారు."

"దొరుకుద్దంటన్నా గదా."

పైగా మీసాల్లో నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. కూతురి పని అంటే ఈయనకి ఊరగాయే.

జులై 14, సోమవారం

ఇక పంతం. ఆషాఢంలోనే కొన్నాను. పల్నాడు నేచురల్ లైమ్ అట, మధ్యలో ఒక గీత కూడా, గీత లేనిది దొరకలేదు కనక. నా ఫోన్ నంబరు, నా మెయిల్, నా కార్డు. రసీదు మీద నా పేరు. బాగా లేదు. బాగా లేదని తెలిసే కొన్నాను.

చిన్ని చూసి, "అమ్మా, ఇది టైపు చేసేలోపు సున్నం ఎండిపోద్ది," అంది. దాని మీద అరిచాను పాపం.

బకెట్ల మీద అంటించే స్టిక్కర్లు నరసరావుపేటలో కొట్టించమని చెప్పాను.

జులై 19, శనివారం

బెంగళూరు మేడమ్ కొత్త పేరు విని "ఓ... సరేనండీ" అంది. మంచివాళ్ళు బాగాలేదనడానికి అలా అంటారు. మధ్యలో గీత ఉందని రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆవిడే అడిగింది. ఆవిడ మేస్త్రీ ఒకడు గీత మరిచిపోయి కొడితే ఇంకేదో రాష్ట్రంలో ఎరువుల కంపెనీ వచ్చిందట.

జులై 25, శుక్రవారం

శ్రావణ శుక్రవారం. నేను ఇంకా తలంటుకోనేలేదు, నాన్న గుమ్మంలో. తెల్లచొక్కా. చేతిలో పూలు, అరటిపళ్ళు, మధ్యలో మడతపెట్టిన కాగితం ఒకటి.

"చదువుకో."

విమలసున్నం డాట్ కామ్. కొన్నది నాన్న!

బస్టాండు దగ్గర నెట్ సెంటర్ అతన్ని పట్టుకుని కొనిపించాడట. ఎప్పుడు? ఆషాఢంలోనే. "మరి నన్ను వద్దన్నావే?" అంటే —

"నువ్వు కొత్తగా మొదలుపెట్టేదానివి, నీకు ఆషాఢం. నేను ముసలోణ్ణి, నాకేంది? ఎవడన్నా ఎగరేసుకుపోతాడని కొని అట్టి పెట్టా. ఇయ్యాల ఇద్దామని."

మీసాల్లో నవ్వు అదన్నమాట. నేను నిలబడే ఏడ్చాను, తల జిడ్డుగా, కొంగు నోట్లో కుక్కుకుని. ఆయన కంగారుపడి, "ఏందమ్మా, పేరు అదే గదా?" అన్నాడు. అదే నాన్నా, అదే. పూజలో కాగితాన్ని అమ్మవారి ముందు పెట్టాను, కుంకుమ బొట్టు పెట్టాను.

ఏడో తరగతి లారీ వచ్చేసింది ఇవాళ.

స్టిక్కర్లు ఆపమని పేటకి ఫోన్ చేశాను.

జులై 26, శనివారం

పొద్దున్నే కూర్చున్నా, సైట్ పెట్టేద్దామని. లోపలికి వెళ్ళాలంటే ఓటీపీ. నాకు రాలేదు. నాన్నకీ రాలేదు. నెట్ సెంటర్ అతన్ని అడిగితే తడుముకోకుండా చెప్పాడు — "అది వంశీ గారి ఆధార్, వంశీ గారి నంబరు మీద ఉందండీ."

కాగితం మళ్ళీ తీశా. నిన్న పైన పేరే చూశాను, కింద చూడలేదు. యజమాని: వంశీ. కుంకుమ బొట్టు సరిగ్గా దాని పక్కనే పడింది.

బట్టీకి వెళ్ళాను. కోపంగా కాదు, ఏదో పొరపాటు జరిగిందనే వెళ్ళాను. నాన్న ఆశ్చర్యపోయాడు, నేను అడగడం చూసి.

"మనయ్యన్నీ వాడి పేరు మీదనే గదా ఉండేది?"

"ఇది నాది నాన్నా."

"నీదే. నీ పేరే పెట్టా గదా, ఎంత పెద్దగా పెట్టా! రాసేది మాత్రం వాడి మీద రాశా. నీ మీద రాస్తే రేపు ఆ ఇంటికి పోద్ది గదమ్మా."

ఆ ఇల్లు. గోతులున్న ఇల్లు. నేను పద్నాలుగేళ్ళుగా ఉంటున్న ఇల్లు.

చెడ్డ ఉద్దేశంతో అనలేదు. అదే నా కడుపు మండిస్తోంది. చెడ్డ ఉద్దేశంతో అని ఉంటే పోట్లాడి వచ్చేదాన్ని. లారీ ముందు నా పేరు, ఆర్.సి.లో వాడి పేరు. ఈయనకి అందులో వింతే కనబడలేదు.

జులై 27, ఆదివారం

మా ఆయనకి చెప్పాను. నవ్వారు ముందు. "ఆ ఇల్లు అంటే మనమేనా?" తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపి, "మీ నాన్న, మీ తమ్ముడు. నేను మధ్యలోకొస్తే మీ నాన్న అన్నది నిజమవుతుంది," అన్నారు. ఆ మాట నిజమే. నిజమైన మాటలు చెప్పి పేపర్లోకి వెళ్ళిపోవడం ఈయనకి బాగా అలవాటు.

సాయంత్రం సాంబయ్య బాబాయ్ ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. పిన్ని కాఫీ ఇచ్చింది. బాబాయ్ టీవీ వైపే చూస్తూ, "కొన్నదెవరో తెలిసిందా?" అన్నాడు. నాన్నేనని చెప్పా. "మంచిదేగా మరి," అన్నాడు. ఇంకేం చెప్పను ఆయనకి? కాఫీ తాగి వచ్చా.

జులై 28, సోమవారం

వంశీకి ఫోన్. వాడికి సంగతే పూర్తిగా తెలియదు. నాన్న ఏదో ఓటీపీ అడిగితే చెప్పాడట, గ్యాస్ బుకింగ్ అనుకున్నాడట!

"నా పేరుకి మార్చరా," అన్నా.

"మారుస్తా అక్కా, అదేముంది... నాన్నకి చెప్పావా?"

"నువ్వు మార్చు ముందు."

"నాన్నకి ఒక్క మాట చెప్పక్కా. తర్వాత నన్నంటాడు. అయినా నా పేరు మీదుంటే ఏంది, నీ పేరు మీదుంటే ఏంది? నేనేమన్నా అడగొచ్చానా?"

అడగడు. మంచివాడు నా తమ్ముడు. కానీ నేను సైట్లో ధర మార్చాలన్నా, బొమ్మ మార్చాలన్నా వాడు మీటింగ్‌లోంచి బయటికొచ్చి ఓటీపీ చెప్పాలి. ఏం తేడా అని అడిగేవాళ్ళెవరికీ ఓటీపీ కోసం ఎదురుచూసే అవసరం లేదు.

జులై 29, మంగళవారం

పేట నుంచి స్టిక్కర్ల అతను. "మేడమ్, ఏ పేరు కొట్టమంటారు? మిషన్ ఖాళీగా ఉంది." సాయంత్రం చెప్తానన్నా. చెప్పలేదు.

నాదైన పేరు ఎవరికీ నోరు తిరగదు. అందరి నోట్లో ఉన్న పేరు నాది కాదు.

జులై 30, బుధవారం

నాన్నకి చెప్పేద్దామనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. కేకలొద్దు, ఏడుపొద్దు, నా పేరుకి మార్పించు నాన్నా అని ఒక్కటే మాట.

బట్టీ ముందు గోడకి కొత్తగా సున్నం. నా గోతిలోదే. మొన్న పనివాళ్ళతో రెండు బకెట్లు తెప్పించుకున్నది ఇందుకట. ఎండకి గోడ వైపు చూడలేకపోయాను, అంత తెలుపు. దాని మీద నీలం రంగులో మనిషెత్తు అక్షరాలు — విమల సున్నం. కింద డాట్ కామ్. రోడ్డు అవతల నిలబడి నాన్న లారీల వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. "మా అమ్మాయిది. బెంగుళూరు దాకా పోతంది సరుకు." ఆయన ముఖం అంత వెలుగ్గా వంశీకి ఉద్యోగం వచ్చిననాడు చూశాను, మళ్ళీ ఇవాళ.

కూర్చుకున్న మాటలన్నీ మింగేశా.

నాన్న వాళ్ళతో టీకి వెళ్ళాడు. నేనూ, నిచ్చెన మీద పెయింటరూ మిగిలాం. అతను అడుగు వరసలో 'ప్రొప్రయిటర్:' అని రాసి, ఆగి, నా వైపు తిరిగాడు.

"పెద్దాయన చెప్పకుండానే పోయిండమ్మా. పాత బోర్డు మీద ఉన్న పేరేనా, ఏరేదా?"

నాన్న టీకి వెళ్ళిన వైపు చూశాను.

"చెప్పమ్మా, రంగు ఎండిపోద్ది."

విమల అని చెప్పాను.

అతను రాయడం మొదలుపెట్టాడు. 'వి' పూర్తయ్యేదాకా ఉన్నాను. ఆ తర్వాత నిలబడలేక ఆటో ఎక్కేశాను.

ఇంటికొచ్చి ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళయింది. టీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, గోడ చూసే ఉంటాడు.

నాన్న ఇంకా ఫోన్ చెయ్యలేదు.